నంబరు చూసి వింటేజ్ బేస్ కొనకండి, నేను అడ్డంగా బుక్కయ్యాను

ఫెండర్ కంపెనీ పాత ప్రెసిషన్ బేస్ గిటార్ కొనాలని ఎవరైనా చూస్తుంటే, డబ్బు పంపే ముందు ఇది చదవండి. 1966 నాటిది, అన్నీ ఒరిజినల్ అని నమ్మి కొన్నాను. తీరా చూస్తే వెనక ప్లేటు ఒక గిటార్‌ది, లోపల శబ్దాన్ని పెంచి తగ్గించే పాట్‌లు ఇంకోదానివి, నెక్ (తీగలు నొక్కే పొడవాటి కాడ) ఎక్కడిదో ఎవరికీ తెలీదు. పోనీ వాయించుకుందామా అంటే అదీ కుదరదు.

నేను బేస్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. అప్పుడే వింటేజ్ ఎందుకయ్యా అంటారా? అనండి, పడతాను. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటల్లో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ వాయించింది 1962 ప్రెసిషన్ అని తెలిసిన రోజు నుంచి ఆ కాలం చెక్క మీద పిచ్చి పట్టుకుంది.

అమ్మినాయన మాట మెత్తన. తొందరపెట్టలేదు, బేరం దగ్గర గొంతు పెంచలేదు. పంపిన ఫొటోలు మాత్రం అన్నీ పైపైవే: హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పై కొస), బాడీ మీద అరిగిన చోట్లు, వెనక నెక్‌ని బాడీకి బిగించే ప్లేటు. ప్లేటు మీది సీరియల్ నంబరుని ఏది ఏ ఏడాదిదో చెప్పే పట్టికలో చూసుకుంటే 1966కి సరిపోయింది. దాని మీద పెద్ద ఎఫ్ అక్షరం కూడా ఉంది. సీబీఎస్ కంపెనీ 1965లో ఫెండర్‌ని కొన్న తర్వాత వచ్చిన ప్లేట్ల మీద ఉండేది అదే. ఇక నాకు అనుమానమే రాలేదు. ఆ ప్లేటుని పట్టి ఉంచేది నాలుగు స్క్రూలేనని, ఐదు నిమిషాల్లో ఒక గిటార్ నుంచి తీసి ఇంకోదానికి బిగించొచ్చని అప్పుడు తట్టలేదు.

లోపల విప్పి ఫొటో తీస్తారా అని అడిగాను. "అవి దాదాపు అరవై ఏళ్లుగా కదలని స్క్రూలండీ, ఇప్పుడు విప్పితే చెక్కలో రంధ్రాలు పాడవుతాయి, విలువ పడిపోతుంది" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. ఆ మాట దగ్గరే నేను వెనక్కి తగ్గాల్సింది.

గిటార్ వచ్చాక రెండు వారాలు నరకం. మధ్య ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీల) దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందంటే నొక్కీ నొక్కీ వేళ్లు వాచిపోయాయి. పన్నెండో ఫ్రెట్ దాటితే ప్రతి స్వరమూ బర్రుమనేది. నా వేళ్లలోనే బలం లేదనుకుని రోజుకి అరగంట ఎక్కువ సాధన చేశాను. పిచ్చివాణ్ణి.

చివరికి మా మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆంప్‌కి కూడా తగిలించలేదు. లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, రెండో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ పైన తీగ కింద ఎంత సందుందో చూడమన్నారు. అక్కడ ఒక విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలట. నా దాంట్లో నాలుగు కార్డులు కలిపి దూర్చినా ఇంకా వదులుగానే ఉంది. "తప్పు నీ వేళ్లది కాదు, నెక్ విల్లులా వంగింది" అన్నారు.

వంగిన నెక్‌ని సరిచేసేది దాని లోపలుండే ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీ. ఆ కాలం ప్రెసిషన్‌లలో దాని నట్ బాడీ వైపు ఉంటుంది, తిప్పాలంటే నెక్ వదులు చేయాలి. గిటార్లు బాగుచేసే ఆయన దగ్గర కూర్చుని విప్పించాను. అరవై ఏళ్లుగా కదలలేదన్న ఆ స్క్రూలు వెన్నలో కత్తిలా వచ్చేశాయి! నట్ మీది గాడి ఎవరో స్క్రూడ్రైవర్‌తో తిప్పీ తిప్పీ గుండ్రంగా అరగదీశారు. ఇక బిగించడానికి చోటు లేదు. నెక్ మడమ (బాడీలోకి దూరే చివర) మీద నెల, సంవత్సరం ముద్ర ఉండాల్సిన చోట గరుకు కాగితంతో రుద్దేసిన తెల్లటి మచ్చ ఉంది. నాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

బాడీ ముందు ఉండే పిక్‌గార్డ్ రేకు ఎత్తితే మిగతాది బయటపడింది. వాల్యూమ్ పాట్ వెనక అంకెలు 137, తర్వాత 78, తర్వాత 24. 137 అంటే సీటీఎస్ అనే కంపెనీ తయారీ, 78 అంటే 1978, 24 అంటే ఆ ఏడాది ఇరవై నాలుగో వారం. ఇక్కడ ఒక మెలిక ఉంది, తెలుసుకోండి. పాట్ తేదీ గిటార్ కంటే ముందుదైతే తప్పేం కాదు. ఫెండర్ వాళ్లు 1966లో పాట్‌లు చాలా కొనిపెట్టుకున్నారు, అవి 1969 దాకా వాడారు. కానీ 1966 గిటార్‌లోకి 1978 పాట్ ఫ్యాక్టరీలోనే ఎలా వస్తుంది? పైగా సోల్డర్ చుక్కలు నిన్న వేసినట్టు మెరుస్తున్నాయి. గుడ్డ తొడుగు వైర్లు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ వైర్లున్నాయి.

పాట్‌లు మార్చడం నేరమని నేననను. అరిగినవి మారుస్తారు, చాలా మంచి పాత గిటార్లలో మార్చినవే ఉంటాయి. మార్చిన సంగతి దాచి "అన్నీ ఒరిజినల్" అన్నాడే, దానికి కాలింది నాకు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే మొదట "పాతవంటే అలాగే ఉంటాయండీ" అన్నాడు. ఫొటోలు పంపాక "నేను కొన్నప్పుడే అలా ఉంది" అన్నాడు. మరి విప్పి చూడనివాడికి ఎలా ఉందో ఎలా తెలుసు? ఆ ప్రశ్నకి జవాబు రాలేదు. తర్వాత ఫోనే ఎత్తలేదు.

కాబట్టి కొనేముందు "ఒరిజినలేనా" అని అడగకండి, అందరూ ఔననే అంటారు. "ఏమేం మార్చారు, ఎప్పుడు మార్చారు" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. పిక్‌గార్డ్ ఎత్తి పాట్ అంకెలు, నెక్ విప్పి మడమ, ట్రస్ రాడ్ నట్ ఫొటోలు తీయమనండి. విప్పనంటే వదిలేయండి, ఎంత ముద్దొచ్చినా సరే. వీలైతే చేతికి తీసుకుని ఆ తీగ పరీక్ష మీరే చేయండి, అర నిమిషం పని. నాలా కొత్తగా నేర్చుకునేవాళ్లకైతే ముందు కావాల్సింది తిన్నని నెక్. ఇప్పుడు నేను మాస్టారి దగ్గర అరువు తెచ్చుకున్న మామూలు కొత్త బేస్ మీద వాయిస్తున్నాను. ఆ బర్రుమనే చప్పుడు మాయమైంది, వేళ్లూ మానాయి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఆ అమ్మినాయనే పెట్టిన ఇంకో ప్రకటన చూశాను. మళ్లీ 1966 ప్రెసిషన్, మళ్లీ అన్నీ ఒరిజినల్. నెక్ ప్లేటు ఫొటోలో ఎఫ్ పక్కన కిందికి ఒక సన్నటి గీత ఉంది. ఆ గీత ఉన్న ప్లేటు ఇక్కడ నా టేబుల్ మీదే ఉంది.