ఫుస్తాత్ తాయెత్తు: చేతిరాతా, అచ్చా, ఏది మేలు?

దర్గాకు వెళ్లొచ్చిన పిల్లల మెడలో నల్లదారానికి చిన్న గొట్టం వేలాడుతుండటం మనకు అలవాటైన దృశ్యమే. లోపల మడిచిన కాగితం ఉంటుంది. తావీజు అనండి, తాయెత్తు అనండి, ఎవరో కూర్చుని రాసిచ్చారనే అనుకుంటాం. వెయ్యేళ్ల కిందట ఫాతిమీలనే ముస్లిం రాజవంశం ఏలుబడిలోని ఈజిప్టులో ఇంకో రకం కూడా ఉండేది. అది అచ్చు వేసిన తాయెత్తు. కైరో పక్కనున్న పాత నగరం ఫుస్తాత్‌లో తవ్వితే ఇలాంటివి బయటపడ్డాయి.

ముందు చేతిరాత సంగతి. దాని బలమంతా మనిషిని బట్టి రాయడంలో ఉంది. కట్టుకునేవాళ్ల పేరును తల్లి పేరుతో కలిపి, ‘ఫలానా ఆమె కొడుకు ఫలానా’ అని రాసేవారు. జ్వరానికైతే ఒకలా, దిష్టికైతే ఇంకోలా. ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ (2వ సూరా, అంటే అధ్యాయం; 255వ ఆయత్, అంటే వాక్యం), రక్షణ కోరే 113, 114 సూరాలు తరచుగా కనిపిస్తాయి. వాటి పక్కన అంకెల గడులు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ మూడు వరుసల గడి:

4 9 2
3 5 7
8 1 6

అడ్డంగా, నిలువుగా, మూలకు మూల ఎటు కూడినా 15 వస్తుంది. అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది. నాలుగు మూలల్లోని 2, 4, 6, 8ని అక్షరాలుగా మార్చి వరసగా చదివితే ‘బుదూహ్’ అనే మాట వస్తుంది. దానికి అర్థమేమీ లేకపోయినా, ఆ మాట ఒక్కటే రక్షగా చెలామణీ అయింది. ఒక్క అంకె తప్పు పడితే లెక్కంతా చెడుతుంది కాబట్టి, రాసేవాడి చెయ్యి వణకకూడదు. ఇంత నైపుణ్యం, ఇంత సమయం పెట్టాక అది ఊరికే రాదు కదా.

అచ్చు తాయెత్తు అక్కడే పనికొచ్చింది. అక్షరాలన్నీ తిరగేసి చెక్కిన అచ్చును ‘తర్ష్’ అనేవారు. 14వ శతాబ్దపు కవి సఫీ అల్-దీన్ అల్-హిల్లీ పద్యంలో తగరపు అచ్చు ప్రస్తావన ఉంది. ఒక్కసారి చెక్కితే చాలు, సిరా పూసి ఎన్ని కాగితాలైనా తీయొచ్చు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 11వ శతాబ్దపుది ఒకటి ఉంది. పొడవు 23 సెంటీమీటర్లు, వెడల్పు 8.4. కోణాలుగా రాసే పాత అరబ్బీ లిపి కూఫీ, సులేమాన్ ముద్ర అనే ఆరు కోణాల నక్షత్రం, కింద బారులు తీరిన సన్నటి అక్షరాలు.

దీని మీద ఒక మచ్చ ఉంది. 10వ శతాబ్దపు కవి అబూ దులఫ్ తన దీర్ఘ కవితలో, తాయెత్తుల అచ్చులు చెక్కేవాళ్లను బనూ సాసాన్ అనే బిచ్చగాళ్ల, మాయగాళ్ల ముఠాలో కలిపి చెప్పాడు. అమాయకులకు అంటగట్టే సరుకన్నమాట. ఆ నింద అమ్మినవాడికి తగలాలి గానీ, కొన్నవాళ్లకు తగలకూడదంటాను నేను. కాగితం మీది వాక్యాలు అవే. పిల్లవాడు జ్వరంతో ఉన్నప్పుడు తల్లి పట్టుకున్న ధైర్యమూ అదే.

కట్టుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే చేతిరాతే మేలు, డబ్బు పెట్టగలిగితే. తన పేరు, తన తల్లి పేరు ఉన్న కాగితాన్ని ఏ అచ్చూ ఇవ్వలేదు. ఈనాడు చదువుకునే మనకు మాత్రం నా ఓటు అచ్చుకే. ఐరోపాలో అచ్చుయంత్రం తెచ్చిన గూటెన్‌బర్గ్‌కు నాలుగు వందల ఏళ్ల ముందే అరబ్బుల దగ్గర కాగితం మీద ముద్రణ సాగిందనడానికి సాక్ష్యం ఇదే. పైగా అది రాజుల కోసం కాదు, చిల్లర చేతిలో పట్టుకుని బజారుకొచ్చినవాళ్ల కోసం.

టొరంటోలోని ఆగా ఖాన్ మ్యూజియంలో అచ్చు తాయెత్తు ఒకటి దాని సీసపు డబ్బీతో సహా ఉంది. డబ్బీ వేలి కణుపంత. ఆ కాగితాన్ని అందులో ఇమిడేలా ఎవరో చిన్నగా మడిచి పెట్టి ఉంటారు.