లప్పం కింద పద్మిని: ఐదేళ్లు నడిపాక

2018 డిసెంబరులో ఈ కారు కొన్నప్పుడు చూసి ముచ్చటపడని వాళ్లు లేరు. 1982 ప్రీమియర్ పద్మిని, లేత ఆకుపచ్చ రంగు, అద్దంలా మెరిసే బానెట్, కొత్త సీటు కవర్లు. "మొత్తం రీస్టోర్ చేయించాం సార్, ఇంక మీరు పెట్రోల్ పోసుకుని తిరగడమే" అన్నారు అమ్మినవాళ్లు. పని జరిగింది సముద్రం మాటే ఎరగని వేరే ఊళ్లో. కారు ఉండబోయేది విశాఖలో, లాసన్స్ బే కాలనీలో. మా మేడెక్కితే సముద్రం కనిపిస్తుంది. కిటికీ గ్రిల్స్‌కి రెండేళ్లకోసారి రంగు వేయించుకునే ఇల్లు అది.

మరుసటి ఏడాది వానాకాలం సగం కూడా కాలేదు, వెనక చక్రం పైన రంగు పొక్కింది. కందిగింజంత బొబ్బ. గోటితో నొక్కితే పగిలి, లోపల్నుంచి డికాషన్ రంగు నీళ్లు కారాయి. వారం తిరిగేసరికి పక్కన ఇంకో నాలుగు లేచాయి. ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం తీసుకొచ్చి బాడీ అంతా ఆనించి చూశాను. ఇనుముంటే అతుక్కుంటుంది, లప్పమైతే అతుక్కోదు. బానెట్ మీద టక్కున అతుక్కుంది. తలుపుల అడుగున జారిపోయింది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా ఉండే భాగాన్ని సిల్ అంటారు. దాని మీద మూరెడు పొడవున అయస్కాంతం ఎక్కడా నిలవలేదు.

పాత జీపుకైతే కింద చాసిస్, అంటే బరువు మోసే ఇనప చట్రం, విడిగా ఉంటుంది. పై రేకు తుప్పు పట్టినా బండి బలం చాసిస్‌లో ఉంటుంది. పద్మిని సంగతి వేరు. ఇటలీలో 1953లో వచ్చిన ఫియట్ 1100 నుంచే దీనికి బాడీయే చాసిస్. సిల్స్, ఫ్లోరు, స్తంభాలు అన్నీ కలిసి బరువు మోస్తాయి. అలాంటి సిల్‌లో ఇనుము తినేసిన చోట లప్పం నింపి పైన రంగు కొట్టారంటే, ఇల్లు మోసే దూలాన్ని చెదలు తినేస్తే మట్టి మెత్తి సున్నం వేసినట్టే. పాత కారు కొనబోయేవాళ్లు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఒక పక్క జాకీ వేసి చక్రం లేపి, ఆ పక్క తలుపు తెరిచి మూయండి. సిల్ గట్టిగా ఉంటే తలుపు మామూలుగా పడుతుంది. నా కారులో జాకీ ఎక్కగానే తలుపు బిగుసుకుపోయింది. బాడీ నడుము దగ్గర వంగుతోందన్నమాట. ఆ రోజు నుంచి పిల్లల్ని ఆ కారు ఎక్కించలేదు.

గాజువాక ఆటోనగర్‌లో ముగ్గురిని అడిగాను. ఇద్దరు "పైనుంచి ఇంకో రేకు వేసేద్దాం సార్, నాలుగు రోజుల పని" అన్నారు. మూడో ఆయన తాను చేయలేనని నిజాయితీగా చెప్పి, కంచరపాలెంలో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి పంపించాడు. ఆయన షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చి, సిల్ మీద ఉలి పెట్టి రెండు దెబ్బలు వేశారు. అరచేయంత లప్పం పెచ్చు ఊడి పడింది. దాని వెనక ఇనప జాలీ, జాలీ వెనక నలిపి కుక్కిన పాత న్యూస్ పేపర్. "ఏటి బావూ ఇది, ఇనుము కన్నా లప్పమే ఎక్కువున్నాది" అన్నారు. నాకు కళ్లు తిరిగినంత పనైంది.

2019 ఆగస్టులో మొదలైన పని, మధ్యలో లాక్‌డౌన్ రావడంతో 2020 సెప్టెంబరు దాకా సాగింది. మాస్టారు (ఆ పెద్దాయనే) మొదట చేసింది కొయ్యడం కాదు, కట్టడం. తలుపుల ఖాళీల్లో అడ్డంగా యాంగ్లర్లు (ఎల్ ఆకారపు ఇనప కడ్డీలు) వెల్డ్ చేసి, బాడీని నాలుగు చోట్ల దిమ్మల మీద నిలబెట్టి, తలుపు సందులు కొలిచి రాసుకున్నాకే కటింగ్ మొదలుపెట్టారు. అలా కట్టకుండా సిల్ కోస్తే కారు అరటి డొప్పలా వంగిపోతుంది, తర్వాత ఏ తలుపూ సరిగ్గా పడదు. సిల్స్‌కి 18 గేజి, ఫ్లోరుకి 20 గేజి సీఆర్ షీటు (నున్నటి ఉక్కు రేకు; గేజి అంకె పెరిగితే రేకు పలచన) వాడాం. గ్యాస్ వెల్డింగ్ వద్దన్నారు. పలచటి రేకు ఆ వేడికి అప్పడంలా ముడుచుకుపోతుందట. సీఓటూ వెల్డింగ్‌తో (ఇది మంటతో కాదు, కరెంటుతో చేసేది) చిన్న చిన్న చుక్కలు పెడుతూ, ఒకచోట పెట్టి జానెడు దూరం జరిగి ఇంకోటి పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ చేశారు. ఒక్క సిల్‌కి పన్నెండు రోజులు పట్టింది.

అసలు తుప్పు ఇంత త్వరగా ఎందుకు పట్టిందో తలుపులు విప్పాక తెలిసింది. తలుపు అడుగు అంచున నీళ్లు పోవడానికి కన్నాలు ఉంటాయి. అద్దం పక్క నుంచి దిగే వాన నీరు వాటిలోంచే బయటికి పోవాలి. రంగు నున్నగా రావాలని ఆ కన్నాలన్నీ లప్పంతో పూడ్చేశారు. ప్రతి వానకీ తలుపులో గ్లాసుడు నీళ్లు నిలబడిపోయేవి. కింద ఫ్లోరుకైతే తుప్పు గీకకుండానే నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొట్టేశారు. అది ఊడకుండా గట్టిగానే ఉంది, దాని కిందే తేమ చేరి రేకు పొరలు పొరలుగా లేచిపోయింది. ఆ నలుపు గీకడానికే మూడు వారాలు పట్టింది. ఆదివారాలు నేనూ కూర్చుని గీకాను.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. ఉదయం తెల్లగా గీకిన రేకు సాయంత్రానికి ఎర్రబారుతుంది. కాబట్టి ఏ రోజు గీకింది ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ (తేమ తగలకుండా రంగు కింద వేసే పూత) కొట్టించాను. సిల్ లోపలికి బ్రష్ వెళ్లదు, అందుకని కన్నాల్లోంచి పొడుగాటి గొట్టంతో వ్యాక్స్ స్ప్రే చేయించాను. ఈ రెండింటి మీద పెట్టిన ప్రతి రూపాయీ నిలిచింది.

వైరింగ్ గురించి తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. వైర్లను మెలితిప్పి టేపు చుట్టేశారు, ఒక ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టారు. ఇంజన్ నుంచి బాడీకి ఉండాల్సిన ఎర్త్ పట్టీ, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, తీసేసి మళ్లీ పెట్టనేలేదు. స్టార్టర్ కరెంటు తిరిగి రావడానికి చోక్ కేబుల్ దారి పట్టింది, అందుకే రెండుసార్లు సెల్ఫ్ కొడితే చోక్ నాబ్ చేయి పెట్టలేనంత కాలేది. నేను ఇంజన్ వేడి అనుకున్నాను. మొత్తం వైరింగ్ కొత్తది వేయించి, ఎర్త్ బోల్టుల కింద రంగు గీకించి, హెడ్‌లైట్లకి రిలే పెట్టించాను. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే కాబట్టి వీల్ సిలిండర్లు, హోసులు అన్నీ మార్చేశాం. ఇంజన్ జోలికి పోలేదు. ఆ 1089 సీసీ ఇంజన్ ఒక్కటే అమ్మినవాళ్లు చెప్పినట్టు ఉంది.

ఇక వాడకం. 2020 సెప్టెంబరు నుంచి ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగాం. ఎక్కువగా బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా, సింహాచలం ఘాట్, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎస్.కోట మీదుగా అనంతగిరి. 2022లో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తీసుకెళ్తే లైట్లు, బ్రేకులు చూసి మారుమాట లేకుండా పాస్ చేశారు. జాకీ పరీక్ష ఏటా జూన్ ముందు చేస్తాను. తలుపు ఇప్పటికీ వేలితో తోస్తే పడుతుంది. ఆ చిన్న క్లిక్ వింటే నాకు ఎంత నిశ్చింతో చెప్పలేను.

నిలవనివి కూడా ఉన్నాయి. బంపర్లకి మళ్లీ క్రోమ్ వేయించడం నా తప్పు. కింద రాగి, నికెల్ పొరలు సరిగ్గా వేయకుండా పైపైన మెరుపు పెట్టారు. రెండో ఏడాదికే సూదిమొనంత తుప్పు చుక్కలు వచ్చాయి. పాత క్రోమ్‌నే శుభ్రం చేసుకుని వాడాల్సింది. ఈ కారుకి గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉంటుంది. దాని లింకేజీ కీళ్లలో ఉండే బుష్‌ల స్థానంలో పాతవాళ్లు రబ్బరు ట్యూబు ముక్కలు పెట్టారు. బుష్‌లు కొత్తవి వేసినా రెండోకీ మూడోకీ మధ్య గేరు ఇంకా వెతుక్కోవాల్సి వస్తోంది. ఈ20 పెట్రోల్ (ఇరవై శాతం ఇథనాల్ కలిపింది) వచ్చాక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చెమర్చాయి. ఇథనాల్‌కి తట్టుకునే హోసులు వేసి, పెట్రోల్ పంపు డయాఫ్రమ్ మార్చాక ఆ వాసన పోయింది. నెలరోజులు కారు తీయకపోతే ట్యాంకు నిండా ఉంచుతాను. ఖాళీ ఎక్కువుంటే తేమ చేరుతుంది.

కొన్న ధర కన్నా ఒకటిన్నర రెట్లు ఈ మరమ్మతుకే పెట్టాను. మెరిసే రంగు చూసి కాక, తుప్పు పట్టినా లప్పం పెట్టని కారు చూసి కొనుక్కుని ఉంటే సగంలో అయిపోయేది. బాగున్న రేకు ఎంతో, పోయింది ఎంతో కంటికి కనిపించేది. నా కారులో ముందు అది వెతకడానికే నాలుగు నెలలు పట్టింది.

సముద్రపు గాలి తగిలే ఇల్లైతే ఒక్క అలవాటు చేసుకోండి. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు మంచినీళ్లతో పైభాగం కన్నా అడుగుభాగం, చక్రాల గుంతలు ముందు కడగండి. అగ్గిపుల్లతో తలుపు కన్నాలు నెలకోసారి గుచ్చి చూడండి. రెండేళ్లకోసారి వ్యాక్స్ మళ్లీ కొట్టించండి.

ఎడమ ముందు ఫెండర్ (చక్రం పైన కప్పే రేకు) ఒక్కటి అప్పట్లో డబ్బు చాలక వదిలేశాను. పాతవాళ్ల లప్పం దాని మీద ఇంకా అలాగే ఉంది. మొన్న దీపావళికి ముందు కడుగుతుంటే హెడ్‌లైట్ పక్కన ఒక బొబ్బ చేతికి తగిలింది. మాస్టారికి ఫోన్ చేశాను. ఇప్పుడు కళ్లు సరిగ్గా ఆనడం లేదట, వెల్డింగ్ మనవడు చేస్తాడు, పక్కన తాను కూర్చుంటానన్నారు. "సంక్రాంతి ఎల్లనీ బావూ, షీటు తెచ్చి ఉంచు" అన్నారు. 20 గేజి షీటు తెచ్చి, తడి తగలకుండా నూనె రాసి, మంచం కింద పెట్టాను.