పన్నెండేళ్లుగా వింటున్న ‘13’

2013 జూన్‌లో ఇంగ్లండ్ హెవీ మెటల్ బృందం బ్లాక్ సబాత్ ఆల్బమ్ ‘13’ వచ్చినప్పుడు పర్లాకిమిడిలో దానికోసం ఎదురుచూసింది బహుశా నేనొక్కణ్నే. ఆజీ ఆస్బోర్న్ పాడగా ఆ బృందం చేసిన అంతకుముందు స్టూడియో ఆల్బమ్ 1978 నాటిది. అప్పటికి నేను పుట్టనే లేదు.

నా ఫిర్యాదు ఒక్కటే, డ్రమ్స్. బృందపు తొలినాటి డ్రమ్మర్ బిల్ వార్డ్ ఒప్పందం దగ్గర తేడా వచ్చి తప్పుకున్నాడు. అతని చోట రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ బృందపు బ్రాడ్ విల్క్ వాయించాడు. ఎక్కడా తప్పు కొట్టలేదు, నా బాధ అదే. మా వైపు పెళ్లి ఊరేగింపుల్లో డప్పు కొట్టేవారిలో కొందరు లెక్క తప్పరు, కొందరు సన్నాయి ఎటు పోతే అటు పోతారు. జాజ్ వింటూ పెరిగిన వార్డ్ రెండో రకం. విల్క్ మొదటి రకం. పన్నెండేళ్లయినా నా చెవి ఆ లెక్కకు అలవాటు పడలేదు.

అసలు సంగతికి వస్తాను. ఈ ఆల్బమ్‌ను నేను బరంపురంలో ఒక దుకాణంలో పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాను. దొంగ కాపీయే, ఒప్పుకుంటాను. చివరి పాట ‘డియర్ ఫాదర్’ గొంతు నొక్కినట్లు మధ్యలో ఆగిపోయేది. అదే ముగింపు అనుకున్నాను. పైగా ముసలివాళ్లు ఎంత తెగించి ముగించారో చూడమని ఒక మిత్రుడితో వాదించాను కూడా.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా వెనక గది రేకులు లేచిపోయాయి, కంప్యూటర్, పెన్‌డ్రైవ్ నీళ్లపాలయ్యాయి. నెల తర్వాత, ఇంకా టార్పాలిన్ కిందే పడుకుంటున్న రోజుల్లో, కొత్త ఫోనులో ఈసారి డబ్బు కట్టే ఆల్బమ్ పెట్టాను. చివరి పాట ఆగాల్సిన చోట ఆగలేదు. సాగి సాగి గిటార్ సద్దుమణిగింది, వాన మొదలైంది. నేను లేచి వెళ్లి బకెట్ తెచ్చాను. చెయ్యెత్తి తడిమితే టార్పాలిన్ పొడిగా ఉంది. “మళ్లీ వానా?” అని పక్క గదిలోంచి అమ్మ అడిగింది. అంతలో ఉరుము, గంట.

1970లో వాళ్ల తొలి ఆల్బమ్ మొదలైంది ఇలాంటి వానతో, ఉరుముతో, గంటతోనే. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఆ పాట మళ్లీ విన్నాను. మిత్రుడికి ఫోను చేసి నా వాదన వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

అప్పట్లో మిగతావాటినీ తెగ పొగిడాను. టోనీ ఐయోమీ గిటార్ గురించి అన్నవాటిలో ఒక్క మాటా మార్చుకోను. పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న మనిషి, ఈ ఆల్బమ్ నాటికి లింఫోమా అనే క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూ వాయించాడు. కానీ దాదాపు తొమ్మిది నిమిషాల ‘గాడ్ ఈజ్ డెడ్?’ను ఇప్పుడు సగంలో దాటేస్తున్నాను. నాలుగో పాట వాళ్లదే 1970 నాటి ‘ప్లానెట్ కారవాన్’కు నీడలా తోస్తోంది. చిన్న చప్పుడూ పెద్ద చప్పుడూ ఒకే ఎత్తున మోగుతుంటే ఇయర్‌ఫోన్‌లో అరగంటకే చెవి అలసిపోతుంది. మంచి స్పీకర్లు ఉన్నవారికి ఎలా ఉంటుందో మరి.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో తొలినాటి నలుగురూ కలిసి చివరిసారి వాయించారు, వార్డ్‌తో సహా. పదిహేడు రోజులకు ఆజీ పోయాడు. ఆ వీడియో ముక్కలు చూశాక విల్క్ మీద కోపం తగ్గాల్సింది. పెరిగింది.

కొత్తగా వినేవారికి దీనితో మొదలుపెట్టమని చెప్పలేను. తొలి ఆల్బమ్ వినకపోతే చివర్లో మోగే గంట ఉత్త గంటే. నాకైతే రేకుల గది, టార్పాలిన్ కలిసొచ్చాయి కాబట్టి నా పొగడ్తలో ఆ మేరకు తగ్గించుకోండి. వానాకాలంలో మాత్రం చివరి పాట ఇయర్‌ఫోన్‌లోనే వింటాను. స్పీకర్‌లో పెడితే అమ్మ ఇప్పటికీ బకెట్ కోసం లేస్తుంది.