మెక్సికన్ గడ్డి తీసేసి బొక్కెనాకు వేశాక

గుంటూరు ఎండల్లో పచ్చికగా పెంచే మెక్సికన్ గడ్డికి రోజూ నీళ్లు పట్టాల్సిందే, వానాకాలమంతా కోస్తూనే ఉండాలి. ఆ జాగాలో బొక్కెనాకు తీగ పరిచాక వేసవిలో కూడా వారానికో తడి సరిపోతోంది. కాలవ గట్ల మీద, వరిచేల గట్ల మీద తనంతట తానే పాకే మొక్క ఇది. నల్లరేగడిలో నీళ్లు నిలిచినా కుళ్లదు.

నీళ్లు మిగలడం సరే, నన్ను కట్టిపడేసింది మాత్రం పూలు. చిటికెనవేలి గోరంత ఊదా బొడిపె, దాని చుట్టూ వరసగా తెల్లటి చిట్టిపూలు. ఎండెక్కేసరికి నేలంతా తేనెటీగలు, చిన్న నీలి సీతాకోకచిలుకలు. మునుపటి గడ్డి మీద ఇవేవీ వాలేవి కావు.

నాటడం తేలిక. జానెడు తీగ ముక్కకు నాలుగు కణుపులుండాలి, రెండు మట్టిలోకి పోవాలి. అడుగుకొకటి చొప్పున పదడుగుల చదరానికి నూరు ముక్కలు. తొలకరికి నాటితే మంచిది.

ఇబ్బందల్లా తుంగతోనే. చదును చేయడానికి తోలించిన మట్టిలో తుంగ గడ్డలు వచ్చాయి, తీగ కమ్ముకోకముందే తుంగ పైకి లేచింది. దాన్ని చేత్తో పీకితే పని పెరుగుతుంది. లోపల గడ్డలు దారానికి గుచ్చినట్టు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. పై మొలక తెగగానే అప్పటిదాకా నిద్రపోతున్న కింది గడ్డలు మొలకెత్తుతాయి. ముందురోజు సాయంత్రం తడిపి, పొద్దున చిన్న గునపంతో జానెడు లోతు నుంచి గడ్డతో సహా లేపాలి. నాలుగైదు ఆకులు వేసేలోపే ఆ పని అవ్వాలి, ఆలస్యమైతే కొత్త గడ్డలు ఊరతాయి. అసలు నాటకముందే నేలను తడిపి, తుంగను మొలిపించి తవ్వేస్తే సగం బాధ తప్పుతుంది. తీగను మరీ నేలకంటా కోయకండి, రెండు మూడంగుళాలు ఉంచండి. ఆ నీడ తుంగకు గిట్టదు.

వారానికో తడి అన్నది వేళ్లు లోతుకు దిగాక మాట. మొదటి వేసవిలో రెండు మూడు రోజులకోసారి తడపాల్సి వచ్చింది. మామిడి చెట్టు నీడలో తీగ పలచబడిపోయింది, అక్కడ రాలిన ఆకులే పరిచి వదిలేశాను.

మా జాగాకు రోజంతా ఎండ తగులుతుంది, అందులో ఆడుకునే చిన్నపిల్లలు లేరు. వట్టికాళ్లతో పరుగెత్తే పిల్లలున్న ఇంట్లో తేనెటీగలు కుట్టే భయం ఉంటుంది. పూలు రాగానే పైపైన కోస్తే అది తగ్గుతుంది, కానీ ఆ మేరకు సీతాకోకచిలుకలూ తగ్గుతాయి.