తక్కువ ధర క్యాంపింగ్ కత్తులు: ఏళ్ల తరబడి వాడాక

నా సంచిలో చాలా కాలంగా రెండు కత్తులు ఉంటున్నాయి. ఒకటి స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్, రెండోది ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్ 8వ నంబరు మడత కత్తి. రెండూ చౌక రకాల కిందే లెక్క. వీటికన్నా చౌకవీ, వీటికి ఎన్నో రెట్లు ఖరీదైనవీ కూడా నేను వాడి చూశాను. కట్టెలు చీల్చి, తాళ్లు కోసి, కూరగాయలు తరిగి, గుడారానికి మేకులు చెక్కాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. చౌక కత్తికి తయారీదారు పెట్టగలిగే డబ్బు కొంచెమే. ఆ కొంచెం ఎక్కడికి పోయిందన్నదాన్ని బట్టే కత్తి నాణ్యత ఉంటుంది. ఉక్కు మీద, దాన్ని గట్టిపరిచే పని మీద, అంచు తీర్చడం మీద పెట్టి ఉంటే ఆ కత్తి ఏళ్ల తరబడి పనికొస్తుంది. నల్లరంగు పూత, బ్లేడు వెన్ను (పదును లేని వైపు) మీద రంపపు పళ్లు, పిడి చివర దిక్సూచి వీటి మీద పెట్టి ఉంటే, ఆ లోటు మొదటి కట్టె దగ్గరే బయటపడుతుంది.

కంపానియన్ చూపులకు ఏమంత గొప్పగా ఉండదు. పది సెంటీమీటర్ల పైచిలుకు బ్లేడు, రబ్బరు తరహా పట్టు ఉన్న పిడి, ప్లాస్టిక్ ఒర, అంతే. నాది స్టెయిన్‌లెస్ రకం, బ్లేడు మందం 2.5 మిల్లీమీటర్లు. కొత్తగా చూసినవాళ్లు ఇంత పలుచని కత్తి అడవిలో ఏం నిలుస్తుందని అడుగుతారు. కోతకు కావలసింది ఆ పలుచదనమే. అయిదారు మిల్లీమీటర్ల మందపు బ్లేడు చెక్కలోకి దిగే ముందే దాన్ని పక్కకు నెడుతుంది, చేతికి రెట్టింపు శ్రమ. పలుచని బ్లేడు ఎండుకొమ్మ మీద జారుతూ పోతుంటే కాగితంలాంటి పొరలు చుట్టుకుంటూ లేస్తాయి. తడి కట్టెల మధ్య నిప్పు రాజేయాల్సి వచ్చినప్పుడు ఆ పొరల విలువ ఏమిటో అర్థమవుతుంది. చేతులు తడిసినా, చలికి వేళ్లు బిగుసుకున్నా పిడి జారదు. ఆ విషయంలో నున్నగా మెరిసే ఖరీదైన చెక్క పిడుల కన్నా దీనికే నా ఓటు.

ఉక్కు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చౌక కత్తులు కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. బ్లేడు మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని మాత్రమే ఉంటే దాన్ని బట్టి మనకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. చెంచాలూ స్టెయిన్‌లెస్సే. ‘440’ అని ఉన్నా సరిపోదు. 440ఎ, 440బి, 440సి అని మూడు రకాలున్నాయి, వాటిలో కార్బన్ పాళ్లు వేరు. వాటిలో కార్బన్ ఎక్కువగా ఉండి, పదును ఎక్కువ కాలం నిలిపేది 440సి. చైనా రకాల పేర్లలోనే కొంత సమాచారం ఉంటుంది. 3సీఆర్13 అంటే కార్బన్ సుమారు 0.3 శాతం, క్రోమియం 13 శాతం. అంత తక్కువ కార్బన్‌తో అంచు త్వరగా మెత్తబడి మడత పడుతుంది. 8సీఆర్13ఎంఓవీ అయితే కార్బన్ సుమారు 0.8 శాతం; అదే చౌక తరగతిలో ఉంటూనే చాలా మెరుగైన ఉక్కు. మోరా స్టెయిన్‌లెస్ కత్తులతో ఎక్కువగా వినిపించే ఉక్కు పేరు 12సి27. దానిలో కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. కాగితం మీద చూస్తే ఇది మధ్యస్థంగానే కనిపిస్తుంది.

అయినా అది బాగా పనిచేస్తుందంటే కారణం గట్టిపరిచే పని సరిగ్గా చేయడమే. ఉక్కును ఎర్రగా కాల్చి, వేగంగా చల్లార్చి, తర్వాత మితమైన వేడిలో ఉంచి పెళుసుదనం తగ్గిస్తారు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఎంత మంచి ఉక్కైనా వృథానే. మోరా బ్లేడ్లు ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 57 చుట్టుపక్కల ఉంటాయి. గట్టి ముడి తగిలితే పెచ్చు ఊడేంత పెళుసు కాదు, తాడు కోస్తే మొద్దుబారేంత మెత్తన కాదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అంచు తీరు. దీన్ని స్కాండి గ్రైండ్ అంటారు. బ్లేడు వెన్ను నుంచి కొంత దూరం ఒకే మందంతో వచ్చి, అక్కడి నుంచి రెండు వైపులా ఒకే వెడల్పాటి వాలుగా అంచు దాకా దిగుతుంది. సాన పట్టడంలో కొత్తవాళ్లను భయపెట్టేది కోణమే కదా. ఇక్కడ ఆ వాలును రాయి మీద పూర్తిగా ఆనిస్తే కోణం దానంతట అదే కుదురుతుంది. రాయి తడిపి, అంచు ముందుండేలా తోస్తూ పోవాలి. కాసేపయ్యాక అవతలి వైపు వేలిని వెన్ను నుంచి అంచు వైపుగా మెల్లగా జరిపితే సన్నని గరుకు తగులుతుంది. అది మొన నుంచి పిడి దాకా ఒకేలా తగిలినప్పుడే కత్తిని తిప్పాలి. చివర తోలు పట్టీ మీద వెన్ను ముందుండేలా లాగితే చేతి వెంట్రుకలు గీసేంత పదును వస్తుంది. చేత్తో సాన పట్టడం నేర్చుకోవాలనుకునే ఎవరికైనా నేను ముందుగా చెప్పేది ఇలాంటి కత్తి కొనుక్కోమనే. ఒక చిక్కు మాత్రం ఉంది. అంచు ఎక్కడైనా పెచ్చు ఊడితే ఆ వెడల్పాటి వాలు మొత్తాన్ని అరగదీయాలి, దానికి చాలాసేపు పడుతుంది.

వంట దగ్గర ఇదే అంచు అంతగా నప్పదు. క్యారెట్‌ను కోయబోతే సగం దిగి మిగతాది ఫట్‌మని చీలుతుంది. ఉల్లిపాయ సన్నగా తరగడం కుదరదు. అందుకే సంచిలో ఒపినెల్ ఉంది. జోసెఫ్ ఒపినెల్ 1890లో ఆల్ప్స్ పర్వతాల్లోని సవోయ్ ప్రాంతంలో మొదలుపెట్టిన కత్తి ఇది. 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, చాలా పలుచన. టొమాటో, రొట్టె, పండు ఏదైనా హాయిగా కోస్తుంది. తెరిచాక బ్లేడు వేళ్ల మీదికి మడతపడకుండా మెడ దగ్గర తిప్పే ఉంగరం 1955లో వచ్చింది. అంత సాదా తాళం అంత నమ్మకంగా పనిచేయడం నాకు ఇప్పటికీ సంతోషాన్నిస్తుంది. బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడి నీరు పీల్చుకుంటే ఉబ్బుతుంది, అప్పుడు బ్లేడు బిగుసుకుంటుంది. పొడి రోజుల్లో అవిసె నూనె పట్టించి ఆరబెడితే ఆ సమస్య చాలావరకు తగ్గుతుంది.

నా ఒపినెల్ కార్బన్ ఉక్కుది. సాన రాయి మీద అది స్టెయిన్‌లెస్ కన్నా చప్పున లొంగుతుంది, పదును కూడా సూదిలా వస్తుంది. నిమ్మ, ఉల్లి, ఆపిల్ తగిలిన చోట నీలం కలిసిన బూడిదరంగు మచ్చ పడుతుంది. దాన్ని చూసి కంగారుపడి తోమేయకండి. ఆ పొర ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది. వాడాక తుడిచి, ఆరబెట్టి, తినదగిన నూనె చుక్క రాస్తే చాలు. ఈ శ్రద్ధ పెట్టే ఓపిక లేకపోయినా, సముద్రం దగ్గర తిరిగేవాళ్లయినా స్టెయిన్‌లెస్సే తీసుకోండి. కార్బన్ కత్తిని తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

కట్టె మీద కత్తిని ఆనించి వెన్ను మీద దుడ్డుకర్రతో కొట్టి చీల్చడం గురించి ఎప్పుడూ వాదనలే. కంపానియన్ పిడిలోకి ఉక్కు చివరి దాకా వెళ్లదు. మణికట్టు మందం కట్టెలు, ముడులు లేనివి అయితే నేను నిస్సంకోచంగా చీలుస్తాను. అంతకు మించితే గొడ్డలి పని. ఎక్కువగా చీల్చేవాళ్లకు 3.2 మిల్లీమీటర్ల మందంతో ‘హెవీ డ్యూటీ’ రకం ఉంది. గీకితే రవ్వలు రాలే నిప్పురవ్వల కడ్డీని కత్తి వెన్నుతో గీకి వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి: వెన్ను మూలలు పదునుగా లేకపోతే రవ్వలు రాలవు. చేతి ఆకురాయితో మొన దగ్గర కొద్ది భాగం చదును చేస్తే సరిపోతుంది. కరెంటు గ్రైండర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఉక్కు నీలంగా మారేంత వేడెక్కిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే.

పిడి బోలుగా ఉండి లోపల సూది, గాలం, అగ్గిపుల్లలు దాచుకునే కత్తులకు మాత్రం దూరంగా ఉండమని గట్టిగా చెబుతాను. వీటిలో బ్లేడు పిడి మొదట్లోనే ఆగిపోతుంది, బరువంతా ఒక చిన్న నట్టు మీదే పడుతుంది. నేను వాడిన అలాంటి కత్తి ఒక కొమ్మలో ఇరుక్కుని, కాస్త మెలిపెట్టగానే పిడి నుంచి ఊడి వచ్చింది. బ్లేడు ఎటు పడుతుందో తెలియని ఆ క్షణం ప్రమాదకరమైనది. ఇక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఖరీదైనవాటిలో నిజంగా ఎక్కువ లభించేవి ఉన్నాయి. లోహపు పొడితో చేసే ఎస్30వీ లాంటి ఉక్కులు అట్టలు, తాళ్లు కోస్తూ పోతే చాలా ఎక్కువసేపు పదును నిలుపుతాయి. బ్లేడు పిడి చివరి దాకా ఒకే ఉక్కు ముక్కగా సాగే రకాలూ ఉంటాయి. అయితే ఎస్30వీ లాంటి ఉక్కు మొద్దుబారితే జేబులో పట్టే చిన్న రాయికి సులువుగా లొంగదు. ఎక్కువ ధరతో వచ్చే లాభం ధరతో సమానంగా పెరగదు. ఆ తేడా సొమ్ముతో మంచి సానరాయి, తోలు పట్టీ, ఒక చిన్న మడత రంపం కొనుక్కోవడమే తెలివైన పని.

దోమల మందు రాసుకున్న చేతులతో పిడి పట్టుకునేటప్పుడు జాగ్రత్త, చాలా మందుల్లో ఉండే డీట్ అనే రసాయనం కొన్ని ప్లాస్టిక్‌లను, రబ్బర్లను మెత్తబరుస్తుంది. ఒరకు అడుగున నీరు కారే రంధ్రం ఉందో లేదో, తలకిందులు చేసి ఊపితే కత్తి జారుతుందో లేదో కొనేటప్పుడే చూడండి. పిడి పట్టుకుని వెన్నును కంటికి ఎదురుగా పెట్టి, బ్లేడు వంకర లేకుండా తిన్నగా ఉందో చూడండి. రెండు వైపులా వాలు ఒకే ఎత్తులో ఉండాలి. తర్వాత అంచును దీపం కింద పెట్టి చూస్తే, పదును లేని చోట తెల్లటి గీత మెరుస్తుంది. అక్కడక్కడా చుక్కల్లా మెరిస్తే సాన రాయితో పోతుంది, పొడవునా మెరుస్తుంటే ఆ కత్తిని వెనక్కి ఇచ్చేయండి.