ఫిజిక్స్ క్లాసులో ఫైఫాక్స్ యాప్: కొన్నేళ్లు వాడాక నా మాట

జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఫోన్లోని సెన్సర్లతో ప్రయోగాలు చేయించే ఫైఫాక్స్ యాప్‌ని కొన్నేళ్లుగా క్లాసులో వాడుతున్నాను. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో తెచ్చారు. పైసా ఖర్చు లేదు, యాడ్స్ గోలా లేదు.

దీని సత్తా తెలియాలంటే తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలో వాడి చూడాలి. వరండాలో టేపుతో 5 మీటర్లు కొలిచి, రెండు చివర్లా రెండు ఫోన్లు పెట్టి అందులోని అకౌస్టిక్ స్టాప్‌వాచ్ ఆన్ చేస్తాం. ఈ చివర నిలబడ్డ అమ్మాయి చప్పట్లు కొడితే రెండు వాచీలూ మొదలవుతాయి (దగ్గరిది వెంటనే, దూరపుది ధ్వని చేరాక), ఆ చివరి అబ్బాయి కొడితే అలాగే ఆగుతాయి. రెండు రీడింగుల తేడా 0.03 సెకనుకి కాస్త తక్కువ. ధ్వని పోనూ రానూ 10 మీటర్లకి పట్టిన టైము అదే. భాగిస్తే వేగం వచ్చేస్తుంది. అయితే ఒక్కసారికే కుదరదు, చాలాసార్లు చేసి సగటు తీయాలి.

ఎండల్లో మా వాళ్లకి సెకనుకి 350 మీటర్లు దాటి వస్తుంది. “పుస్తకంలో 344 అని ఉంది కద సార్, మాది తప్పా?” అని గొడవ మొదలు. ఆ 344 అనేది 22 డిగ్రీల దగ్గర లెక్క. డిగ్రీకి సుమారు 0.6 చొప్పున పెరుగుతుంది కాబట్టి 35 డిగ్రీల్లో 352 దాకా రావాల్సిందే. ఇదే ముక్క బోర్డు మీద రాస్తే ఎవరూ తలెత్తరు. తమ చప్పట్లకి వచ్చిన నంబరు కాబట్టి దాని కోసం కొట్లాడతారు. పొగలు, మెరుపులు చూపించి చప్పట్లు కొట్టించుకునే ప్రయోగాలంటే నాకు పెద్ద నమ్మకం లేదు, బెల్లు కొట్టేసరికి మర్చిపోతారు.

రిమోట్ యాక్సెస్ పెడితే ఫోన్లోని గ్రాఫు ఐఎఫ్‌పీ (క్లాసులోని పెద్ద టచ్ స్క్రీన్) మీద కనిపిస్తుంది, వెనక బెంచీల దాకా అందుతుంది.

చిరాకులూ ఉన్నాయి. ఫ్యాను చప్పుడుకీ, పక్క క్లాసు పద్యాలకీ వాచీ తనంతట తనే మొదలైపోతుంది. థ్రెషోల్డ్ (ఎంత చప్పుడుకి వాచీ స్పందించాలనే హద్దు) పెంచుకోవాలి. చవక ఫోన్లలో గైరోస్కోప్ (ఫోను తిరగడాన్ని కొలిచే సెన్సర్) ఉండదు, లోలకం ప్రయోగం నడవదు. దానికి దారానికి నట్టు కట్టి మామూలు స్టాప్‌వాచ్‌తో చేయించడమే నయం, ప్రతి గ్రూపుకీ చేతినిండా పని. కటకాలు, కరెంటు పాఠాలకి కొవ్వొత్తి, బ్యాటరీలే దిక్కు.

చప్పట్ల ప్రయోగానికి ముందు నోటిఫికేషన్లు ఆపేయండి. ఒక్క వాట్సాప్ ‘టింగ్’ చాలు, వాచీ ఆగిపోతుంది.