మా సీనియర్ కట్టని మెట్రోలో మూడు రోజులు

గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లిలో దించేసరికి బాగా తెల్లారింది. కాకినాడ నుంచి నేనూ మా తమ్ముడి కొడుకూ వచ్చాం. వాడు సివిల్ మూడో ఏడు. ఎనభైల్లో నేను చదివిన కాలేజీలోనే చదువుతున్నాడు. ఈసారి హైదరాబాద్‌లో గోల్కొండ, జూ, ఫిల్మ్ సిటీ ఏవీ పెట్టుకోలేదు. మెట్రో ఎక్కి తిరగడమే పని. అదే కాలేజీలో చదివి, ఢిల్లీ మెట్రో కట్టించిన ఇంజనీరు శ్రీధరన్ గారి గురించి వాడికి చెప్పీ చెప్పీ విసిగించాను కాబట్టి, ఒక మెట్రో దగ్గరుండి చూపిద్దామని నా సరదా.

బస దగ్గరే దెబ్బ తిన్నాం. మియాపూర్ వైపు ఒక లాడ్జి, ఫొటోల్లో ధగధగలాడుతోంది కదా అని బుక్ చేశాను. కిటికీ తీస్తే చేతికందేంత దూరంలో పక్క బిల్డింగ్ గోడ. వేడినీళ్లు ఎనిమిదింటిదాకానే వస్తాయన్న ముక్క ఎనిమిదింపావుకి చెప్పారు. పైగా చెకిన్ పన్నెండుకట, ముందొచ్చినందుకు సగం రోజు అద్దె అదనం. ఒక్క రాత్రి ఓర్చుకుని మర్నాడు అమీర్‌పేట మారిపోయాం. అద్దె కాస్త ఎక్కువే, కానీ గది శుభ్రం, ఎప్పుడు దిగితే అప్పటినుంచి 24 గంటలు. కోచింగ్ పిల్లలు ఉండే పేట కాబట్టి టిఫిన్లకి లోటు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎర్ర లైనూ నీలం లైనూ కలిసేది అక్కడే. రైల్లో వచ్చేవాళ్లు సికింద్రాబాద్, నాంపల్లి లాడ్జీలే వెతుక్కుంటారు. ఊరు తిరగాలంటే నా ఓటు అమీర్‌పేటకే.

ఈ మెట్రో 2017 నవంబరు 28న మియాపూర్, నాగోల్ మధ్య 30 కిలోమీటర్లతో మొదలైంది. ఇప్పుడు మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్ల దాకా ఉంది. జనం కిటికీలోంచి ఊరు చూస్తుంటే మావాడు పిల్లర్లు చూస్తున్నాడు. అమీర్‌పేటలో దిగి కింద రోడ్డు మీద నిలబెట్టాను. చూడాల్సింది అక్కడినుంచే. రోడ్డు మధ్యన ఒకే వరస పిల్లర్లు, వాటికి రెండు వైపులా చాచిన చేతులు, ఆ చేతుల మీద స్టేషన్. అటూ ఇటూ ట్రాఫిక్‌కి అడ్డం లేదు. వంతెన ముక్కలు యార్డులో పోత పోసి, రాత్రిళ్లు తెచ్చి, లాంచింగ్ గర్డర్‌తో పైకెత్తి, కేబుళ్లతో బిగించి కలిపారని చెబుతుంటే వాడు అడ్డం వచ్చాడు.

"పెదనాన్నా, ఇందులో మీ సీనియర్ కట్టిందేది?"

"ఒక్క పిల్లరు కూడా కాదురా."

వాడి మొహం చూడాలి అప్పుడు.

నాగోల్ వైపు రైల్లో కూర్చోబెట్టి శ్రీధరన్ గారి కథ మొదటినుంచి చెప్పాను. 1932లో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో పుట్టాడు, ఇంజనీరింగ్‌కి మన కాకినాడ వచ్చాడు. 1964 డిసెంబరు తుపానుకి రామేశ్వరం వెళ్లే పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోతే బాగుచేయడానికి రైల్వే ఆరు నెలలు గడువు పెట్టింది. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించాడు. ఈయన 46 రోజుల్లో ముగించాడు. అప్పటికి వయసు 32. తర్వాత కలకత్తా మెట్రో ప్లానింగ్, కొచ్చి షిప్‌యార్డు. 1990లో రైల్వేలో రిటైరయ్యాక కొంకణ్ రైల్వే అప్పజెప్పారు. కొండల్లో సొరంగాలు తొలుచుకుంటూ వెళ్లిన ఆ లైను 1998లో పూర్తిగా తెరుచుకుంది. అది పూర్తిగా తెరుచుకోకముందే ఢిల్లీ మెట్రో. అక్కడ 2002 డిసెంబరు 24న షాదరా, తీస్ హజారీ మధ్య మొదటి రైలు కదిలేనాటికి ఆయనకి డెబ్బై. మన పక్క డెబ్బై అంటే మనవల్ని బడికి దింపే వయసు. ఆఫీసుల్లో గడువుకి ఇంకా ఎన్ని రోజులుందో చూపించే గడియారాలు పెట్టించాడని చెబితే మావాడు "టార్చర్" అన్నాడు.

మరి హైదరాబాద్‌కి ఆయనకి సంబంధం? ఈ ఊరి మెట్రోకి ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసింది ఢిల్లీ మెట్రో సంస్థే. అప్పుడు దానికి ఎండీ ఆయనే. కట్టడం మాత్రం ప్రైవేటుకి ఇచ్చారు. 2008లో అది సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీ కూటమికి దక్కినప్పుడు, మెట్రో పేరుతో విలువైన భూముల్ని వ్యాపారానికి ఇవ్వడం తప్పని ఆయన కేంద్ర ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ఇక్కడి ప్రభుత్వం మండిపడింది. మరుసటి జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, 2009లో ఆ ఒప్పందం రద్దయింది, 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. పంజాగుట్ట స్టేషన్‌ని ఆనుకుని ఉన్న మాల్‌లో ఏసీ కింద నిలబడి కాఫీ తాగుతూ ఆ ఉత్తరం గుర్తు చేసుకున్నాను. ఆయన అన్నది తప్పని నేననను. కానీ ప్రభుత్వమే జపాన్ అప్పు తెచ్చి ఢిల్లీలా కట్టి ఉంటే ఇంత తొందరగా ఈ రైలెక్కేవాణ్నా? తేల్చుకోలేకపోయాను. కాఫీ మాత్రం చాలా ఖరీదు.

మూడో రోజు ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్. ఎర్ర లైన్లో మలక్‌పేట వైపు వెళ్తుంటే మూసీ కనిపిస్తుంది. 1908 వరదల తర్వాత విశ్వేశ్వరయ్య గారు వచ్చి, పైన రిజర్వాయర్లు కట్టమన్న నది ఇదేనని మావాడికి చెప్పాను. నీళ్ల రంగు చూసి మాట్లాడలేదు. ఆకుపచ్చ లైను సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్‌స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ దాకా 11 కిలోమీటర్లు వచ్చి ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన లైను. చార్మినార్‌కి అక్కడినుంచి ఆటోయే గతి. మా ఆటో అతను మీటరు మాటెత్తితే నవ్వాడు. వృద్ధులు, లగేజీ ఉంటే బేరం ముందే తెంచుకోండి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు మటుకు ఆ ఆటో బాధ మరిపించాయి.

తిరుగు ప్రయాణానికి కావాలనే మెట్రో మానేసి నాంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కాం. 2003 నుంచి నడుస్తున్న లోకల్ రైలు. టికెట్ చాలా చవక, నేరుగా లింగంపల్లి ప్లాట్‌ఫారం మీదే దింపుతుంది, కాబట్టి సామాన్లు మోసుకుని మెట్లు, ఆటోలు అక్కర్లేదు. వచ్చిన చిక్కల్లా ఒకటి తప్పితే మళ్లీ రైలు ఎప్పుడో చూసుకోవాలి. సాయంత్రం రైలు పట్టుకోవాలన్న టెన్షన్‌తో మేం రెండు గంటలు ముందే చేరిపోయాం. బెంచీ మీద కూర్చుని మావాడు ఫోన్‌లో ఏదో నొక్కుతున్నాడు. తొంగి చూస్తే సప్లీ పరీక్షకి ఇంకా ఎన్ని రోజులుందో లెక్క పెట్టే గడియారం. 61 చూపిస్తోంది.